రేటింగ్ బాగానే వచ్చింది, మరి హైక్ అంతేనా?

ఒకే టీమ్‌లో ఇద్దరికి 5కి 4 రేటింగ్ వచ్చింది, హైక్ మాత్రం ఒకరికి 7 శాతం, ఇంకొకరికి 14 శాతం. పక్క టీమ్‌లో 3 వచ్చినతనికి 11 వేశారు. ఏప్రిల్, మే నెలల్లో వైజాగ్‌లో రుషికొండ ఐటీ హిల్స్ మీద టీ కొట్ల దగ్గర, సిరిపురం ఆఫీసుల కింద, పరవాడ ఫార్మా కంపెనీల బస్సుల్లో ఎక్కడ విన్నా ఇదే గోల, ఇదెక్కడి న్యాయం అని. మేనేజర్‌ని అడిగితే "నాదేం లేదమ్మా, పైనుంచే అలా వచ్చింది" అంటాడు, హెచ్‌ఆర్‌ని అడిగితే "మీ సార్ ఇచ్చిన రేటింగ్ బట్టే కదండీ" అంటారు. నేను ఇక్కడ కొన్ని చిన్న, మధ్యరకం కంపెనీలకి జీతాలు, అప్రైజల్స్ పని చూస్తుంటా కాబట్టి ఆ రెండు మాటల మధ్యలో ఏం జరుగుతుందో విడమర్చి చెప్దామని రాస్తున్నా. ఆ 7కీ 14కీ ఉన్న తేడా న్యాయమే అయ్యుండొచ్చు, పచ్చి అన్యాయమూ అయ్యుండొచ్చు, శాతం ఒక్కటే చూస్తే తెలీదు.

చాలా కంపెనీల్లో హైక్ లెక్క ఉద్యోగి దగ్గర మొదలవ్వదు, డబ్బు దగ్గర మొదలవుతుంది. ఫైనాన్స్ వాళ్ళు ముందే ఈ ఏడాది మొత్తం జీతాల బిల్లు మీద ఇంత శాతం పెంచొచ్చు అని ఒక బడ్జెట్ పెడతారు, ఉదాహరణకి 8 శాతం అనుకోండి, ఇక ఆ డబ్బునే అందరికీ సర్దాలి, ఒకరికి 14 ఇస్తే ఇంకెక్కడో తగ్గాల్సిందే. సర్దేటప్పుడు మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోతాయి. ఈ ఏడాది మనిషి ఎలా పనిచేశాడు, ఆ పోస్టుకి ఇవ్వాల్సిన జీతంతో పోలిస్తే ఇప్పుడు ఎక్కడున్నాడు, మానేస్తే మనకెంత ఇబ్బంది. ఇందులో రివ్యూ, అంటే ఏడాది పనిమీద మేనేజర్ రాసి రేటింగ్ వేసేది, జవాబు చెప్పగలిగేది మొదటి ప్రశ్నకి మాత్రమే. కానీ మిగతా రెండింటికీ కూడా దాన్నే వాడేస్తారు, లేకపోతే మిగతా రెండూ ముందే తేల్చేసుకుని దానికి సరిపడేలా రేటింగ్‌ని వెనకనుంచి దిద్దుతారు. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే.

పోనీ మొదటి ప్రశ్నకైనా రివ్యూ సరైన జవాబు చెప్తుందా? 2000లో స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు దాదాపు 4,500 మంది మేనేజర్ల రేటింగులు తీసుకుని చూశారు, ఒక్కొక్కరికి పై బాసులు ఇద్దరు, తోటివాళ్ళు ఇద్దరు, కింద పనిచేసేవాళ్ళు ఇద్దరు వేసిన మార్కులు అవి. ఆ మార్కుల్లో తేడాలు దేనివల్ల వస్తున్నాయని విడదీస్తే సగానికి పైగా మార్కులేసే మనిషి తీరు వల్లే వచ్చాయి, అవతలి మనిషి పనితీరు వల్ల వచ్చింది నాలుగో వంతుకి మించలేదు. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో అవే వంకాయలు రెండు కాటాల మీద పెడితే రెండు బరువులు చూపిస్తే అక్కడికక్కడే నిలదీస్తాం, ఆఫీసులో మాత్రం ఒక మేనేజర్ అందరికీ 4కి తగ్గకుండా వేస్తాడు, పక్క క్యాబిన్ ఆయన "5 అనేది దేవుడికే" అని 3 దగ్గర ఆపేస్తాడు, ఆ రెండు నంబర్లనీ ఒకే ఎక్సెల్ షీట్‌లో పక్కపక్కన పెట్టి హైక్ శాతం లాగేస్తారు. రెండో ఆయన కింద పనిచేయడమే ఆ పిల్లల తప్పైపోతుంది.

ఇంకో సంగతి ఇంతకన్నా పాతది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే సైకాలజిస్ట్ సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకి వేసిన మార్కులు పరిశీలించాడు, ఒడ్డూ పొడుగూ బావున్నవాడికి తెలివిలోనూ నాయకత్వంలోనూ గుణంలోనూ కూడా ఎక్కువ మార్కులు పడుతున్నాయి, ఒక్కో దానికీ విడిగా ఆలోచించి వేయట్లేదు, మొత్తంగా మనిషి మీద ఉన్న అభిప్రాయమే అన్ని గడుల్లోకీ దిగిపోతోంది. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. మన వైజాగ్ ఆఫీసుల్లో ఇది ఎక్కువగా ఇంగ్లీష్ రూపంలో కనిపిస్తుంది. క్లయింట్ కాల్‌లో గడగడా మాట్లాడే కుర్రాడికి కోడ్ బాగా రాస్తాడన్న పేరు, టీమ్‌ని నడుపుతాడన్న పేరు, టైముకి వస్తాడన్న పేరు అన్నీ కలిపి వచ్చేస్తాయి. పలాస నుంచో పాడేరు నుంచో వచ్చి తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మాయి రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో, పడ్డ ఇష్యూ ఒక్కతే కూర్చుని సరిచేసి, పొద్దున కాల్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే ఆమె రివ్యూలో "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని పడుతుంది. అక్కడితో ఆగినా పర్లేదు, టెక్నికల్ మార్కు కూడా ఒక మెట్టు దిగుతుంది, ఎందుకు దిగిందని అడిగితే వేసినాయన చెప్పలేడు. ఈ ఒక్కటి ఆపగలిగితే మన దగ్గర సగం కడుపుమంట తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక గుర్తుండకపోవడం. రివ్యూ రాసేది మార్చిలో, మనిషికి గుర్తుండేది జనవరి నుంచి జరిగినవే. మన తీరంలో అసలు కష్టం అక్టోబర్, నవంబర్‌లో ఉంటుంది, తుఫాను హెచ్చరిక, పోర్టులో పనులు ఆగడం, కంటైనర్లు ఎక్కడివక్కడ ఉండిపోవడం, ఎగుమతిదారుల ఫోన్లు. అప్పుడు రాత్రుళ్ళు ఆఫీసులో ఉండి అన్నీ సర్దిన మనిషి ఫిబ్రవరిలో ఒక మెయిల్ ఆలస్యంగా పంపితే రివ్యూలో మెయిలే మిగులుతుంది. దీనికి మందు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కాదు, నెలకోసారి మేనేజర్ ఒక్కొక్కరి గురించి రెండు మూడు లైన్లు రాసుకోవడమే. కాకపోతే ఏం రాస్తాడన్నదే ముఖ్యం. "బాగా చేస్తుంది, సిన్సియర్" అని రాస్తే మార్చిలో అది దేనికీ పనికిరాదు. ఒక రొయ్యల ఎగుమతి డాక్యుమెంటేషన్ టీమ్‌లో ఇలా రాసుకున్నారు అనుకోండి: "అక్టోబర్, రీఫర్ కంటైనర్, ఇన్వాయిస్‌లో నికర బరువు ఒకటి, ప్యాకింగ్ లిస్ట్‌లో ఇంకొకటి ఉంది, షిప్పింగ్ బిల్ వేయకముందే పట్టుకుంది, పార్టీకి తనే ఫోన్ చేసి మార్పించింది, ఓడ తప్పిపోలేదు." ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, కానీ మార్చిలో ఎవరు చదివినా ఆ అమ్మాయి ఏం చేసిందో, చేయకపోతే ఏమయ్యేదో తెలుస్తుంది. తప్పులు కూడా ఇలాగే రాయాలి, "అజాగ్రత్త" అని కాదు, ఏ రోజు ఏ కాగితంలో ఏం తప్పిందో, చెప్పాక మళ్ళీ జరిగిందో లేదో. పదిహేను మంది ఉన్న ఆటోనగర్ వర్క్‌షాప్ యజమాని అయినా ఒక నోట్‌బుక్‌తో ఇది చేసుకోవచ్చు.

మేనేజర్లు వేసే మార్కులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయని కంపెనీలకి తెలీక కాదు. దానికి వాళ్ళు పట్టుకున్న దారి బెల్ కర్వ్, అంటే ఏ రేటింగ్ ఎంతమందికి రావాలో ముందే గీత గీసి పెట్టడం. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌కి జాక్ వెల్చ్ అధిపతిగా ఉన్నప్పుడు 1980లలో పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10 అని ఉద్యోగుల్ని విడగొట్టే పద్ధతి బాగా పేరుకెక్కింది, తర్వాత మన ఐటీ కంపెనీలు చాలావరకు దాన్నే పట్టుకున్నాయి. మైక్రోసాఫ్ట్ 2013లో దాన్ని వదిలేసింది, ఇన్ఫోసిస్ 2015లో వదిలేసింది, జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు కూడా వదిలేశారు. కానీ చిన్న కంపెనీల్లో ఇంకా "నార్మలైజేషన్" అనే పేరుతో నడుస్తూనే ఉంది. వేలమంది ఉన్నచోట ఆ గీతకి ఏదో అర్థం ఉండొచ్చు, ఆరుగురి టీమ్‌లో 10 శాతం అంటే 0.6 మనిషి, ఆ సున్నా పాయింట్ ఆరు మనిషిని వెతకడం కోసం బాగా పనిచేసే ఆరుగురిలో ఒకర్ని కిందకి తోస్తారు, సాధారణంగా కొత్తగా చేరినవాళ్ళనో లీవ్‌లో ఉన్నవాళ్ళనో ఎదురు మాట్లాడనివాళ్ళనో. ఒకసారి అలా జరిగిందంటే వచ్చే ఏడాది ఆ టీమ్‌లో ఎవరూ ఎవరికీ పని నేర్పరు.

దీనికన్నా మేలైన దారి, మేనేజర్లందర్నీ హైక్ లెక్కకి ముందే ఒక గదిలో కూర్చోబెట్టడం. కాలిబ్రేషన్ మీటింగ్ అంటారు. 4 వేసినవాళ్ళంతా ఏం పని చూసి వేశారో చెప్పాలి, ఇంకో టీమ్‌లో అదే పని చేసినతనికి 3 ఎందుకొచ్చిందో చెప్పాలి. ఈ మీటింగులు కూడా పాడవుతాయి, నోరున్నోడిదే రాజ్యం అన్నట్టు గట్టిగా మాట్లాడే మేనేజర్ టీమ్‌కే మంచి మార్కులు వెళ్తాయి. అందుకే నోట్స్ ముందే రాసి తెచ్చుకోవాలి, కాగితం మీద లేని ఉదాహరణ అక్కడ అప్పటికప్పుడు పుట్టించకూడదు, "మంచి కుర్రాడండీ" అనే మాట లెక్కలోకి రాకూడదు. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉండి బ్రాంచి వైజాగ్‌లో ఉన్న కంపెనీలకి ఇది మరీ అవసరం. అక్కడ రోజూ కంటికి కనబడేవాళ్ళ పని పెద్దదిగా కనిపిస్తుంది, ఇక్కడివాళ్ళు స్క్రీన్ మీద చిన్న గడిలో ఉంటారు, మన బ్రాంచి మేనేజర్ ఆ గదిలో లేకపోతే మన తరఫున మాట్లాడే దిక్కుండదు.

ఇప్పుడు ఆ 7, 14 దగ్గరికి వద్దాం. డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి కంపెనీ 20,000 నుంచి 40,000 వరకు జీతం పెట్టింది అనుకోండి, మధ్య రేటు 30,000. ఒకావిడ ఫ్రెషర్‌గా చేరి నెమ్మదిగా ఎదిగి ఇప్పుడు 24,000 తీసుకుంటోంది, అంటే మధ్య రేటులో 80 శాతం. ఇంకొకాయన బయటనుంచి బేరమాడి వచ్చాడు, 36,000, అంటే 120 శాతం. ఇద్దరూ చేసేది ఒకే పని, ఇద్దరికీ ఈ ఏడాది 4 వచ్చింది. ఇద్దరికీ సమానంగా 10 శాతం ఇస్తే పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది, కానీ ఆమెకి 2,400 పెరుగుతుంది, ఆయనకి 3,600, ఇద్దరి మధ్య తేడా 12,000 ఉన్నది 13,200 అవుతుంది. అదే పని, అదే రేటింగ్, ఏటా దూరం పెరుగుతూ పోతుంది. అదే ఆమెకి 14, ఆయనకి 7 ఇస్తే ఆమెకి 3,360, ఆయనకి 2,520, తేడా 11,160కి దిగుతుంది, కంపెనీకి మొత్తం ఖర్చు 6,000 బదులు 5,880, ఇంకా కొంచెం తగ్గింది కూడా. కాబట్టి రేటింగ్ ఒకటే అయినా శాతం వేరుగా ఉండటం ఇక్కడ న్యాయం. పెద్ద కంపెనీల్లో దీనికి ఒక పట్టిక ఉంటుంది, మెరిట్ మ్యాట్రిక్స్ అంటారు, ఒకవైపు రేటింగ్, ఇంకోవైపు మధ్య రేటుతో పోలిస్తే జీతం ఎక్కడుందన్నది, ఆ నిష్పత్తికి కంపా రేషియో అని పేరు. ఆ 36,000 తీసుకునే ఆయనకి కూడా ఈ లెక్క చెప్పాలి, చెప్పకపోతే ఆయన దృష్టిలో తను బాగా పనిచేసి సగం హైక్ తీసుకున్నట్టే.

ఇది చిన్న డబ్బు విషయం అనుకోకండి. 30,000 జీతం ఏటా 8 శాతం చొప్పున పెరిగితే పదేళ్ళకి దాదాపు 64,800 అవుతుంది, 10 శాతం చొప్పున పెరిగితే 77,800. ఏటా 2 శాతం తేడా పదేళ్ళలో నెలకి 13,000 తేడా, పైగా పీఎఫ్ కూడా చాలాచోట్ల జీతాన్ని బట్టే కడతారు, గ్రాట్యుటీ చివరి జీతం మీదే లెక్కేస్తారు, కొత్త కంపెనీ కూడా పాత పేస్లిప్ చూసే ఆఫర్ ఇస్తుంది. ఒక ఏడాది తప్పు రేటింగ్ జీవితాంతం వెంట వస్తుంది. అందుకే ఆ ఒక్క ఏడాది జరిగిన ప్రత్యేకమైన పనికి ఒకసారి ఇచ్చే బోనస్ మేలు, మనిషి సామర్థ్యం నిజంగా పెరిగి ఏడాది పొడుగునా కనిపించిన దానికే పర్మనెంట్‌గా జీతం పెంచాలి అంటాను నేను.

మూడో ప్రశ్న, మానేస్తే ఏంటి అన్నది, దీని గురించి ఎవరూ బయటకి మాట్లాడరు. చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ ఉన్నవాడికి వెళ్ళిపోకుండా ఆపడానికి రాత్రికి రాత్రి 25 శాతం పెంపుతో కౌంటర్ ఆఫర్ వస్తుంది, వాడి రేటింగ్ 3 అయినా సరే. ఊళ్ళో అమ్మానాన్నల్ని చూసుకోవాలనో, పిల్లల స్కూల్ అనో, సొంత ఫ్లాట్ లోన్ అనో వైజాగ్ వదిలి వెళ్ళలేని మనిషికి 4 వచ్చినా 6 శాతమే, ఎందుకంటే తను ఎక్కడికీ పోడని మేనేజర్‌కి తెలుసు. బెంగళూరు, హైదరాబాద్ వదిలి సొంతూరికి వచ్చిన వాళ్ళకి "వైజాగ్‌లో ఖర్చులు తక్కువే కదా" అని ఇంకో మాట కలుపుతారు. ఆ ఊరి రేటు, ఈ ఊరి రేటు వేరుగా పెట్టుకోవడం కంపెనీ ఇష్టం, దాన్ని జీతం రేంజ్‌లోనే ముందే పెట్టాలి, మనిషిని చూసి, వాళ్ళ ఇంటి పరిస్థితి చూసి ఇంత చాల్లే అనుకోవడం మాత్రం తప్పు. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు, కానీ అడగడం రానివాళ్ళకి, అడిగే స్థితిలో లేనివాళ్ళకి తక్కువ పెట్టే పద్ధతిని పనితీరు బట్టి ఇచ్చే హైక్ అని పిలవకూడదు. కౌంటర్ ఆఫర్ ఇవ్వాల్సి వచ్చిన ప్రతిసారీ అదే పోస్టులో ఉన్న మిగతావాళ్ళ జీతాలు కూడా తిరిగి చూడాలి అనే రూల్ పెట్టుకుంటే యజమానులే జాగ్రత్తపడతారు.

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. ఎమిలియో కాస్టిల్లా అనే ప్రొఫెసర్ అమెరికాలో ఒక పెద్ద సర్వీస్ కంపెనీ రికార్డులు చూసి 2008లో రాసింది ఏంటంటే, రివ్యూలో ఒకే మార్కులు వచ్చినా ఆడవాళ్ళకీ మైనారిటీలకీ జీతం పెంపు మాత్రం కొంచెం తక్కువ వస్తోంది. రివ్యూ దగ్గర కాదు, రివ్యూ నుంచి రూపాయికి మారే చోట జారిపోతోంది. తర్వాత అదే కంపెనీ ఎవరు ఎంత పెంచారు, ఎందుకు పెంచారు అని నిర్ణయం తీసుకున్నవాళ్ళు జవాబు చెప్పేలా, పై అధికారులకి ఆ లెక్కలు కనబడేలా పద్ధతి మార్చాక ఆ తేడా తగ్గిందని 2015లో రాశాడు. మన దగ్గర చూసేది ఇంకోటి కూడా ఉంది, 26 వారాల మెటర్నిటీ లీవ్ తీసుకున్న అమ్మాయికి "సగం ఏడాదే పనిచేసింది కదా" అని రేటింగ్‌నే సగం చేయడం. ఉన్న నెలల్లో ఎలా చేసిందో చూసి రేటింగ్ ఇవ్వాలి, లేని నెలల్ని మార్కుల్లో కోయకూడదు. ఒకే పనికి ఆడా మగా అని తేడాగా జీతం ఇవ్వకూడదని 1976 నుంచే చట్టం ఉంది, ఇప్పుడు అది 2019 వేతనాల కోడ్‌లో కలిసింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి లెటర్లు వెళ్ళే ముందు పోస్టుల వారీగా షీట్ సార్ట్ చేసి, ఒకే రేటింగ్ ఉన్న ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సగటున ఎంత పెరిగిందో ఒక్కసారి చూడటం యజమానికీ రక్షణే.

హైక్ చెప్పే మీటింగ్, పని గురించి మాట్లాడే మీటింగ్ ఒకటే పెట్టకండి. 1965లోనే మేయర్, కే, ఫ్రెంచ్ అనే ముగ్గురు జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన స్టడీ రాశారు, రెండూ కలిపి మాట్లాడితే మనిషి తనని తాను కాపాడుకోవడంలోనే ఉంటాడు, విమర్శ ఎక్కువైన చోట మెరుగుదల తగ్గింది. మనందరికీ అనుభవమే కదా, సార్ ఏదో చెప్తుంటారు, మన బుర్రలో మాత్రం ఎంత శాతం, ఎంత శాతం అని తిరుగుతుంటుంది. పని గురించిన మాట జనవరిలోనో ఫిబ్రవరిలోనో అయిపోవాలి, డబ్బు మాట తర్వాత విడిగా.

పోర్టులోనో ఇంకో ప్రభుత్వ ఆఫీసులోనో పనిచేసిన తండ్రులున్న ఇళ్ళు వైజాగ్‌లో చాలా ఉన్నాయి, వాళ్ళకి సీఆర్, అంటే పై అధికారి ఏటా ఉద్యోగి గురించి రాసే రహస్య నివేదిక, అనే మాట బాగా తెలుసు. బోర్డర్ రోడ్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌గా చేసిన దేవ్ దత్ కేసు దాని గురించే. ఆయన రికార్డులో ఒక ఏడాది "గుడ్" అని రాశారు, చూడ్డానికి మంచి మాటే, కానీ ప్రమోషన్‌కి "వెరీ గుడ్" కావాలి, ఆ ఒక్క ఎంట్రీ వల్ల ప్రమోషన్ పోయింది, అలా రాసినట్టు ఆయనకి ఎవరూ చెప్పలేదు. 2008లో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలియజేయాలి, దాని మీద విన్నవించుకునే అవకాశం ఇవ్వాలి అంది. ఆ తీర్పు ప్రభుత్వ ఉద్యోగులకి సంబంధించింది, ప్రైవేట్ కంపెనీని అది కట్టేయదు, కానీ పద్ధతి మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు, ఖర్చు కూడా లేదు.

ఉద్యోగి వైపు నుంచి అయితే "పక్కవాడికి ఎంతిచ్చారు" అని అడిగితే జవాబు రాదు, మాట పెరుగుతుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నా పోస్టుకి జీతం రేంజ్ ఎంత, అందులో నేను ఎక్కడున్నాను, నా రేటింగ్ కాలిబ్రేషన్‌లో మారిందా, మారితే ఏ పని చూసి మార్చారు, వచ్చే ఏడాది ఒక మెట్టు పైకి రావాలంటే ఏ పని కనబడాలి. ఇవి మెయిల్‌లో అడగండి, మర్యాదగా, మీ నెలవారీ పనుల్లోంచి రెండు మూడు సంఘటనలు తేదీలతో సహా పెట్టి. కంపెనీ వైపు నుంచి అయితే లెటర్ ఇచ్చాక ఒక పదిహేను రోజులు అభ్యంతరాలు చెప్పుకోవడానికి టైమ్ ఇవ్వండి, అవి వినేది మాత్రం రేటింగ్ వేసిన మేనేజర్ కాకూడదు, ఇంకో డిపార్ట్‌మెంట్ హెడ్ అయినా పర్లేదు, చిన్న కంపెనీ అయితే యజమానే వినాలి. సరిచేయాల్సి వస్తే అరియర్స్‌తో సహా ఏప్రిల్ నుంచే ఇవ్వండి, దానికోసం మొత్తం హైక్ బడ్జెట్‌లో కొంత ముందే పక్కన పెట్టుకోవాలి, అంతా పంచేశాక ఎవరైనా న్యాయంగా అడిగినా ఇవ్వడానికి ఏమీ మిగలదు.